ప్రభాకర్ గారి కోసం ఉంచిన పాత సిస్టం

2005వ సంవత్సరం. మా ఆఫీసు అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వీధిలో ఒక మూడంతస్తుల భవనంలో పైన ఉండేది. కింద రెండు అంతస్తుల్లోనూ కంప్యూటర్ క్లాసులే. మెట్ల మీద ఎప్పుడు చూసినా జిరాక్స్ కట్టలు చంకన పెట్టుకుని కుర్రకారు నిలబడి ఉండేవారు. వాళ్ళను తప్పుకుంటూ పైకి ఎక్కడానికే కొంత ఓపిక కావాల్సి వచ్చేది. మాది ట్రైనింగ్ కాదు, సర్వీసు. నర్సింగ్ హోములు, ప్రింటింగ్ ప్రెస్సులు, చిన్న ఫ్యాక్టరీలు పెట్టుకున్న సర్వర్లు ఆగిపోకుండా చూసుకోవడం మా పని. కాగితాల వ్యవహారం, క్లయింట్లతో మాటలు నావి. కీబోర్డు ఖలీల్ భాయ్‌ది. అతనిది మల్లేపల్లి. నాకన్నా పదేళ్ళు చిన్నవాడు. చేసే పని కన్నా చేసే హాస్యం ఎక్కువ అనిపించేది గాని, పని దగ్గర వేలు తడబడేది కాదు.

పంజాగుట్టలో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ మా పాత క్లయింటు. చుట్టుపక్కల నర్సింగ్ హోముల నుంచి రక్తం శాంపిళ్ళు అక్కడికి వచ్చేవి. రిపోర్టులన్నీ ఒక సొలారిస్ సర్వర్ మీద తయారయ్యేవి. సొలారిస్ అనేది ఒక ఆపరేటింగ్ సిస్టం, అంటే మిగతా ప్రోగ్రాములన్నీ దేని మీద నిలబడి నడుస్తాయో ఆ మూల సాఫ్ట్‌వేర్. వాళ్ళది పాత వెర్షన్. సెంటర్ నడిపే డాక్టరు గారు కొత్త ల్యాబ్ సాఫ్ట్‌వేర్ కొన్నారు. అది కొత్త వెర్షన్ మీద తప్ప నడవదు.

"అప్‌గ్రేడ్ మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి మూర్తిగారూ, కానీ ల్యాబ్ మాత్రం ఆగకూడదు" అన్నారాయన ఫోన్‌లో. "ఐసీయూల రిపోర్టులు కూడా మన దగ్గర్నుంచే వెళ్తున్నాయి."

చూసి రావడానికి వెళ్ళాను. ల్యాబ్ వ్యవహారాలన్నీ చూసే సుగుణ గారు నాకు కుర్చీ చూపించి, తాను మాత్రం నిలబడే మాట్లాడారు. ఆవిడ ఎప్పుడూ తొందర పడే మనిషి కాదు. ఆ రోజు నేను కూర్చోకముందే మొదలుపెట్టారు.

"మార్చకుంటే ఏమైతది సార్?"

"కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కదమ్మా."

"పాతదే మంచిగ నడుస్తున్నది కదా."

నేను సపోర్టు గురించి, వెర్షన్ల గురించి చెప్పబోయాను. ఆవిడ వినలేదు. "ఒక్కసారి ఇటు రండి" అని లోపలి గదిలోకి తీసుకెళ్ళారు.

మూలగా ఒక టెర్మినల్, అంటే సర్వర్‌కు తగిలించిన ఒట్టి స్క్రీనూ కీబోర్డూ. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. దాని ముందు ఒకాయన కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో పెన్ను. కుడి చెయ్యి ఒళ్ళో కదలకుండా ఉంది. ఎడమ చెయ్యి మాత్రం కీబోర్డు మీద నడుస్తోంది. నాలుగు, ఎంటర్, రెండు, ఎంటర్. ప్రింటర్ గరగరలాడింది. ఆయన కాగితం చింపి, మడిచి, పక్కనున్న ట్రేలో పెట్టారు. మళ్ళీ నాలుగు, ఎంటర్.

ఆయన జాన్ ప్రభాకర్ గారు, సుగుణ గారి భర్త. ఆ సర్వర్‌ను కొన్న రోజు నుంచి దాన్ని పెంచినవారు ఆయనే. రిపోర్టుల మెనూ కూడా స్వయంగా రాసుకున్నారు. అంతకు రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. మాట పోయింది, కుడి చెయ్యి పడిపోయింది, మనుషుల పేర్లు పోయాయి. సొంత అన్నగారు వచ్చినా గుర్తుపట్టరట.

"ఇంట్ల కూసోబెడితే పొద్దంతా గోడ దిక్కే చూస్తరు" అన్నారు సుగుణ గారు, గొంతు తగ్గించి. "ఈడ కూసోబెడితే చూస్తున్నరు కదా. డాక్టరు గారు సుత ఏమనలే, రానీ అన్నరు. ఈ స్క్రీన్ పోతే ఆయన యాడికి పోవాలె సార్?"

నేను ప్రింటర్ వైపు చూశాను.

ఆఫీసుకు వచ్చి ఖలీల్ భాయ్‌కి చెప్పాను. పాత మెనూ కొత్త సొలారిస్ మీద నడుస్తుందేమో చూడమన్నాను. ప్రయత్నించాడు. దాని కింద ఉన్న డేటాబేస్ మరీ పాతది, దాన్ని తయారుచేసినవాళ్ళే వదిలేశారు. కొత్త వెర్షన్ మీద అది లేవనే లేదు.

"దవాఖానకు తోల్కపోయినా లేస్తలేదు సాబ్" అన్నాడు. "కానీ మీరు ఫికర్ చెయ్యకండి. పాతదాన్ని కూలగొట్టం. పక్కన ఇంకోటి లేపుతం."

అతను చెప్పింది బూట్ ఎన్విరాన్‌మెంట్ పద్ధతి. ఈ వృత్తిలో లేనివారికి రెండు మాటల్లో చెబుతాను. నడుస్తున్న సిస్టం మీదే నేరుగా అప్‌గ్రేడ్ మొదలుపెడితే, మధ్యలో కరెంటు పోయినా, సీడీ చదవకపోయినా పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. అందుకని అదే మెషీన్‌లో ఇంకో డిస్కు మీద ముందు పాత సిస్టం మొత్తానికి నకలు తీస్తారు. అప్‌గ్రేడ్ ఆ నకలు మీద చేస్తారు. అంతసేపూ పాతది తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. అన్నీ సిద్ధమయ్యాక 'ఈసారి లేచేటప్పుడు కొత్తదాంట్లో లే' అని మెషీన్‌కు చెప్పాలి. దాన్ని యాక్టివేట్ చేయడం అంటాం. కొత్తది నచ్చకపోతే పాతదాన్ని యాక్టివేట్ చేసి వెనక్కి రావచ్చు. ఒక్కో వైపును ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్ అంటారు.

నకలు తీసేది, అప్‌గ్రేడ్ నడిపేది పట్టపగలే చేశాం. ఖలీల్ భాయ్ సర్వర్ ముందు, ప్రభాకర్ గారు అదే గదిలో తన టెర్మినల్ ముందు. తన మెషీన్‌లోనే పక్కన ఇంకో సిస్టం తయారవుతోందని ఆయనకు తెలియదు. రిపోర్టులు రావడం కొంచెం నెమ్మదించినప్పుడు మాత్రం సర్వర్ వైపు తల తిప్పి చూశారు. ఖలీల్ భాయ్ తలవంచుకున్నాడు. "ఉస్తాద్‌కు తెలిసిపోయినట్టుంది సాబ్" అన్నాడు నాతో, నవ్వకుండా.

మార్పు ఆదివారం పెట్టుకున్నాం. ఆదివారం ల్యాబ్ మధ్యాహ్నానికి మూసేస్తారు. సుగుణ గారు చర్చి నుంచి నేరుగా వచ్చారు, చేతిలో బైబిలు సంచి ఇంకా ఉంది. ఖలీల్ భాయ్ కొత్తదాన్ని యాక్టివేట్ చేసి, మెషీన్‌ను ఆపి లేపాడు. లేచింది. చూస్తే పాత వెర్షనే. తెర మీద ప్రభాకర్ గారి ఆకుపచ్చ మెనూ.

"కాలేదా సార్?" అన్నారు సుగుణ గారు. ఆ వెంటనే, తనకు తెలియకుండానే, "దేవునికి స్తోత్రం" అన్నారు. అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

ఖలీల్ భాయ్ కీబోర్డు వైపు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "గలతీ నాదే. రీబూట్ కొట్టిన. అలవాటు చెయ్యి సాబ్, ఆగలే." యాక్టివేట్ చేశాక రీబూట్ అనే కమాండ్ వాడకూడదు. అది గబుక్కున మెషీన్‌ను ఆపేస్తుంది, ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మారే పని జరగనివ్వదు. ఇనిట్ 6 అనే కమాండ్ ఇస్తేనే అన్నిటినీ వరుసగా మూసి, మార్పు పూర్తిచేసి మెషీన్‌ను లేపుతుంది. సొలారిస్ పుస్తకంలో లావు అక్షరాలతో రాసి ఉంటుంది. అయినా సొలారిస్ వాళ్ళలో మొదటిసారి ఈ తప్పు చేయనివాణ్ణి నేను చూడలేదు.

అతను సుగుణ గారి వైపు తిరిగాడు. "ఏం చెయ్యాలె అక్కా? కొట్టమంటరా?"

ఆవిడ బైబిలు సంచిని బల్ల మీద పెట్టారు. "ల్యాబ్ నడవాలె కదా భాయ్" అన్నారు చివరికి. "నా కోసం ఆపితే ఎట్ల? కొట్టండి."

సోమవారం కొత్త సిస్టం మీద ల్యాబ్ నడిచింది. ఒక్క రిపోర్టు ఆలస్యం కాలేదు. డాక్టరు గారు నా భుజం తట్టారు. నేను మాత్రం లోపలి గదిలోకే చూస్తున్నాను. ప్రభాకర్ గారు వచ్చి కూర్చున్నారు. టెర్మినల్ మీద లాగిన్ అడుగుతోంది. పేరు కొట్టారు, పాస్‌వర్డ్ కొట్టారు. మెనూ రాలేదు, ఒక గీత మినుకుమినుకుమంటోంది. నాలుగు, ఎంటర్. ఏమీ లేదు. మళ్ళీ నాలుగు. ఎడమ చేత్తో స్క్రీన్ అంచును తడిమారు. తర్వాత లేచి, బయట హాల్లోకి నడిచి, శాంపిల్ ఇవ్వడానికి వచ్చినవాళ్ళ మధ్య బెంచీ మీద కూర్చున్నారు. సాయంత్రం దాకా అక్కడే. మధ్యలో ఒక కొత్త నర్సు వచ్చి "టోకెన్ ఎంతండీ?" అని ఆయన్ను అడిగింది.

ఆ వారంలోనే సుగుణ గారు మా ఆఫీసుకు వచ్చారు. మెట్ల మీద కుర్రవాళ్ళను దాటుకుని వచ్చేసరికి ఆయాసపడుతున్నారు. మంచినీళ్ళు తాగి అడిగారు.

"పాతది దాంట్లనే ఉన్నది కదా సార్? తీసెయ్యలే కదా?"

"ఉందమ్మా. కొన్నాళ్ళు ఉంచుతాం. కొత్తదాంతో ఏ ఇబ్బందీ లేదని తేలాక తీసేస్తాం."

"ఆదివారం మధ్యానం ల్యాబ్ బంద్ ఉంటది. ఆ ఒక్క పూట పాతదాన్ని లేపుతరా? ఆయన మళ్ళ ఇంట్లనే కూసుంటున్నరు. చొక్కా సుత తొడుక్కుంటలేరు."

నాకు మనసొప్పలేదు. "సుగుణ గారూ, అది నిజమైన పని కాదు కదా. ఆయన్ను మోసం చేసినట్టు అవుతుందేమో."

"నేను ఆయన్ని మోసం చేస్తనా సార్?" అన్నారావిడ. కోపం లేదు గొంతులో. "పెండ్లైన కాడ్నుంచి పక్కపక్కన పనిచేసినం. ఆయన ప్రింట్ తీస్తే నేను కవర్ల పెడ్తుంటి. ఆ మనిషి ఇప్పుడు నాకు యాడ దొరుకుతడు? ఆ మెషీన్‌ల ఒక్కదాంట్లనే కదా."

ఖలీల్ భాయ్ కుర్చీ నా వైపు తిప్పాడు. "సాబ్, ఆదివారం మీకు ఏం పని ఉన్నది? పేపరే కదా చదువుతరు. నడవండి, నేను సుత వస్త."

ఒక ప్రమాదం ఉంది. ల్యాబ్ రికార్డులు ఉండే డిస్కు భాగం రెండు ఎన్విరాన్‌మెంట్లకూ ఉమ్మడి. పాత మెనూ అందులో రాస్తే కొత్త సాఫ్ట్‌వేర్ రికార్డులు పాడవుతాయి. అందుకని ఖలీల్ భాయ్ పాత ఎన్విరాన్‌మెంట్‌కు మార్పుకు ముందటి రికార్డుల నకలు విడిగా ఇచ్చి, ఉమ్మడి భాగం దానికి కనబడకుండా చేశాడు. ఆ రికార్డులు మార్పుకు ముందటి ఒక్క వారంవే, ప్రతి ఆదివారం మళ్ళీ అవే. ఆయన ఎంత పని చేసినా సోమవారం ల్యాబ్‌కు ఏమీ అంటదు. డాక్టరు గారికి చెబితే, "ఆదివారమే కదా, కానివ్వండి" అన్నారు.

అలా మొదలైంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మేం పాతదాన్ని యాక్టివేట్ చేసి లేపేవాళ్ళం. ప్రభాకర్ గారు తెల్ల చొక్కాతో వచ్చి కూర్చునేవారు. నాలుగు, ఎంటర్. ప్రింటర్ గరగర. ఆయన చింపి ఇచ్చిన కాగితాన్ని సుగుణ గారు సరిచూసి, ముద్ర వేసి, కవరులో పెట్టి, పేరు రాసేవారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు. పక్కపక్కన పనిచేసే మనుషులు చూసుకోరు కదా. ఒక గంట గడిచాక ఆయన ఎడమ చేతి వేలొకటి ఎత్తి, తర్వాత రెండు వేళ్ళు చూపించేవారు. వన్ బై టూ. ఒక చాయ్ రెండు కప్పుల్లో. ఆవిడ ఎదురుగా ఉన్న ఇరానీ హోటలుకు దాదాపు పరుగెత్తేవారు. మిగతా వారమంతా ఆయన ఏమీ అడగరట, ఆకలేసినా సరే.

"నాకు ఒక ఫుల్లు తెండి అక్కా, నేను ఎవ్వరితోటి బై టూ చేస్కోవాలె?" అనేవాడు ఖలీల్ భాయ్.

"మీ సారుతోటి చేస్కో."

"ఆయన చక్కెర లేకుండ తాగుతడు. గా కషాయం నాకొద్దు."

ఆ మాటలకు ప్రభాకర్ గారు ఒకసారి నవ్వారు. మాట అర్థమై నవ్వారో, మా నవ్వులు చూసి నవ్వారో చెప్పలేను. సుగుణ గారు మాత్రం చేతిలో ముద్ర అలాగే పట్టుకుని ఉండిపోయారు.

వారం మధ్యలోనే ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూడటం నాకు అలవాటైంది. నా వృత్తిలో మెషీన్ల దగ్గర ఎన్నో గంటలు గడిపాను. ఏ మెషీనూ మళ్ళీ అలా పిలవలేదు.

ఆ ఏడాది వానలు తగ్గేసరికి డాక్టరు గారు కబురు పెట్టారు. కొత్త సాఫ్ట్‌వేర్‌కు ఇంకో పెద్ద అప్‌డేట్ వస్తోంది, చోటు చాలదు, పాత ఎన్విరాన్‌మెంట్‌ను తీసేయాలి. అది సబబే. అప్‌గ్రేడ్ నిలదొక్కుకున్నాక పాతదాన్ని తొలగించడం ఆ పద్ధతిలో భాగమే. సుగుణ గారికి చెప్పాను. 

"కొంచెం ఆగుతరా సార్? ఇంక కొన్ని ఆదివారాలు."

"డిస్కు నేను తెస్త అక్కా" అన్నాడు ఖలీల్ భాయ్. "సికింద్రాబాద్‌ల పాత డిస్కులు మస్తు దొరుకుతయి. దీన్ని దాని మీదికి ఎక్కిస్త. ఎన్ని ఏండ్లైనా నడుపుకోండి."

చేయగలిగినదే. వచ్చే ఆదివారం నకలు తీసే పని కూడా పెట్టుకుందామని అనుకున్నాం.

ఆ ఆదివారం ప్రభాకర్ గారు ఎప్పటిలాగే రిపోర్టులు తీశారు, సుగుణ గారు కవర్లలో పెట్టారు. ట్రే నిండింది. ఖలీల్ భాయ్ తెచ్చిన డిస్కు ఇంకా సంచిలోనే ఉంది. ప్రభాకర్ గారి పని ముగిశాక సోమవారానికి సిద్ధంగా ఉండాలని నేను ముందుగానే ఖలీల్ భాయ్ చేత కొత్త ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేయించి పెట్టాను. ఇక ఇనిట్ 6 కొట్టడమే మిగిలింది.

అప్పుడాయన లేచారు. ట్రేలోని కవర్లన్నీ ఎడమ చేతిలోకి తీసుకుని, కొన్ని చంకలో ఇరికించుకుని, హాల్లోకి నడిచారు. అంతకుముందెప్పుడూ అలా చేయలేదు. మేం ముగ్గురం గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాం. హాల్లో ఎవరూ లేరు. షట్టరు సగం దించి ఉంది, కింది నుంచి రోడ్డు మీద వెళ్ళేవాళ్ళ కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. ఆయన బెంచీ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. పైనున్న కవరు మీది పేరు చూశారు. ఎవరైనా లేచి వస్తారేమోనని ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డారు.

"రండి, కూసుందురు రండి" అన్నారు సుగుణ గారు. 

ఆయన వెనక్కి తిరిగి వచ్చారు. కవర్లు ట్రేలో పెట్టలేదు, ఆవిడ చేతుల్లో పెట్టారు. పెట్టి, ఆవిడ చేతుల మీద తన అరచెయ్యి ఒక్క క్షణం ఉంచారు. తర్వాత టెర్మినల్ ముందు కూర్చున్నారు. నాలుగు కొట్టలేదు. మెనూ నుంచి బయటకు వచ్చి, సిస్టం అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయ్యారు. ఆ పాస్‌వర్డ్ ఆయన పెట్టిందే, దాన్ని మేం మార్చలేదు. ఒక్కొక్క కీ వెతుక్కుంటూ, ఎడమ చేతి చూపుడు వేలితో, ఇనిట్ అని కొట్టి, ఖాళీ వదిలి, ఆరు కొట్టారు.

ఖలీల్ భాయ్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఆకుపచ్చ అక్షరాలు ఒక్కొక్క వరుసే పైకి వెళ్ళిపోయాయి. తెర నల్లగా అయింది. మెషీన్ కొత్తదాంట్లో లేచి, లాగిన్ అడిగింది. ఆయన దాన్ని చూడలేదు. కుర్చీని బల్ల కిందికి తోసి, తలుపు వైపు నడిచారు. ఎప్పుడూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే సుగుణ గారు ఆ రోజు ఆయన వెనకే వెళ్ళారు.

సోమవారం ఆవిడ ఫోన్ చేశారు. "తీసెయ్యండి సార్."

"డిస్కు సిద్ధంగా ఉందమ్మా. ఎక్కించవచ్చు."

"వద్దు. ఆయనే బంద్ చేసిన్రు. నేను తెరవను." కొంచెం ఆగి అన్నారు. "పొద్దున చొక్కా తొడుక్కుని తయారైన్రు. రిపోర్టులిచ్చే కిటికీ కాడ కూసోబెట్టిన. పేరు నేను చదువుతున్న, కవరు ఆయన ఇస్తున్నరు. మనుషుల మొఖం చూసి ఇస్తున్నరు సార్."

ఖలీల్ భాయ్ పాత ఎన్విరాన్‌మెంట్‌ను తొలగించాడు. ఆ కమాండ్ పూర్తికావడానికి పెద్దగా సమయం పట్టదు. అతను ఎంటర్ కొట్టే ముందు మాత్రం చాలాసేపు కూర్చున్నాడు.

తర్వాత ఎప్పుడో రిపోర్టు పనిమీద అటు వెళ్ళినప్పుడు సుగుణ గారిని ఎలా ఉన్నారని అడిగాను. "ఆయన మంచిగున్నరు సార్" అన్నారు. కిటికీ దగ్గర ఒక ముసలాయనకు కవరు అందిస్తున్న భర్తను చూస్తూ, "నాకే ఆదివారం మధ్యానం అయితే ఏం తోస్తలేదు" అన్నారు.

నాకూ తోచలేదని ఆవిడతో చెప్పలేదు.

అప్పటి దాకా కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పే నియమం ఒకటే ఉండేది. కొత్త ఎన్విరాన్‌మెంట్ నిలదొక్కుకుందని తేలేదాకా పాతదాన్ని తీయవద్దు. ఆ తర్వాత ఇంకోటి చేర్చాను. తీసే ముందు, దాంట్లో ఇంకా ఎవరున్నారో కనుక్కోండి. ఉంటే వాళ్ళను తొందరపెట్టకండి, తలుపు వాళ్ళనే వేయనివ్వండి. కుర్రవాళ్ళు ఇది లాగిన్ అయి ఉన్న యూజర్ల సంగతి అనుకుని రాసుకునేవారు. అదీ సరైనదే కాబట్టి దిద్దేవాణ్ణి కాదు.